ఆ నీళ్లు అక్కడ ఎంతసేపటి నుంచి ఉన్నాయి?

మా పెద్దమ్మ సూపర్‌మార్కెట్‌లో నేల మీది నీళ్లకి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. దాని మీద మేం పంపిన లీగల్ నోటీసుకి సూపర్‌మార్కెట్ వారి వకీలు నుంచి జవాబు వచ్చింది. మూడు పేజీలు. ఆవిడ గురించి మాకెవరికీ తెలియని సంగతులు అందులో చాలా ఉన్నాయి. ఆవిడ అరిగిపోయిన చెప్పులు వేసుకొచ్చిందట. ఫోన్లో మాట్లాడుతూ నడిచిందట (ఆవిడ ఫోను ఆ సాయంత్రం ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది). వయసురీత్యా ఎముకలు ముందే గుల్లబారి ఉండవచ్చట. ఇవన్నీ అలా ఉంచినా, పడే సమయానికి ఆవిడ ఇంకా ఏమీ కొనలేదు కాబట్టి చట్టం దృష్టిలో వినియోగదారే కాదట. పెరుగు ప్యాకెట్లు పెట్టే ఫ్రిజ్ ముందు ఆ సాయంత్రం నీళ్లున్నాయా లేవా అన్న ముక్క మాత్రం మూడు పేజీల్లో ఎక్కడా లేదు.

వకీలు మీద నాకు కోపమేమీ లేదు, ఆయన పని ఆయన చేశాడు. అయితే జవాబులో ఒక వాక్యం ఉంది: కాస్త చూసుకుని నడిచి ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదని. అచ్చం ఇదే మాట మా చుట్టాలందరూ ఆసుపత్రికొచ్చి మరీ అన్నారు. బత్తాయిలు టేబుల్ మీద పెట్టి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, "అయినా చూసుకుని నడవాలి కదా అక్కయ్యా" అన్నారు. ప్రేమగానే అన్నారు. కానీ ఎదుటిపక్షం వకీలు ఫీజు తీసుకుని చేసే వాదనని మనవాళ్లు ఉచితంగా చేసి పెడుతున్నారని నాకప్పుడే అనిపించింది. పెద్దమ్మ కూడా తలూపింది. "నా గ్రహచారం" అంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దుకాణంలో ఎవరైనా జారిపడితే, మొదట అడగాల్సింది దుకాణాన్ని. అక్కడ నీళ్లు ఎంతసేపటి నుంచి ఉన్నాయి? చూడాల్సిన మనిషి ఎవరు? ఆ మనిషి చివరిసారి ఎప్పుడు చూశాడు? ఈ జవాబులు దుకాణం దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండవు. అడిగే హక్కున్నవాళ్లు అధికారికంగా అడిగితే తప్ప బయటికి రావు. డబ్బు వచ్చినా రాకపోయినా క్లెయిమ్ వెయ్యాలని నేననడానికి అసలు కారణం అది.

చూసుకుని నడవడం గురించి ఇంకొక్క మాట. పెద్ద దుకాణాన్ని కట్టేదే మనం నేలకేసి చూడకుండా ఉండడానికి. ఒకటి కొంటే ఒకటి ఉచితం బోర్డులు తలపైన వేలాడతాయి. లాభం ఎక్కువున్న సరుకు కంటి ఎత్తున ఉంటుంది. పాలూ పెరుగూ దాదాపు ఎప్పుడూ లోపలి చివరన పెడతారు, అక్కడిదాకా వెళ్లేలోపు పది అరలు చూడాలని. ఇంత ఖర్చు పెట్టి మన చూపుని పైకి తిప్పినవాళ్లు, జారిపడ్డాక కిందికి చూడలేదేమని అడుగుతున్నారు.

బఠానీల ప్యాకెట్

ఆ రోజు జరిగినదాంట్లో ఒక్క విషయం చెబుతాను. పెద్దమ్మని లేపి బిల్లింగ్ కౌంటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. కుడి మణికట్టు చూస్తుండగానే వాచిపోతోంది. మేనేజరు మంచివాడే. పరుగున వెళ్లి ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన పచ్చి బఠానీల ప్యాకెట్ తెచ్చి చేతి మీద పెట్టాడు. ఈలోగా కౌంటర్లో కుర్రాడు అలవాటు కొద్దీ బుట్టలో సరుకు స్కాన్ చేసేశాడు. పెదనాన్న కూడా ఆ కంగారులో అలవాటు కొద్దీ డబ్బు కట్టేశాడు. రాత్రి ఎక్స్‌రే గది బయట కూర్చుని బిల్లు తీసి చూస్తే ఇడ్లీ రవ్వ, పెరుగు, బట్టల సబ్బు, చివర్న బఠానీలు.

ఆ బిల్లే ఇవాళ మాకున్న గట్టి సాక్ష్యం. దాని మీద తేదీ ఉంది, టైము ఉంది, పెదనాన్న ఫోన్ నంబరుంది. వినియోగదారు కాదన్న వాదనకి అదే జవాబు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో డబ్బు కట్టినవాడే కాదు, కడతానని ఒప్పుకున్నవాడూ, కొన్నవాడి అనుమతితో ఆ సరుకు వాడుకునేవాడూ వినియోగదారే. అలాగని వకీలు వాదనలో పస లేదని కూడా అనను. ఊరికే ఏసీ కోసం లోపలికొచ్చి జారిపడ్డవాడి సంగతేమిటంటే వినియోగదారుల కమిషన్ దారి అంత తేలిక కాదు, సివిల్ కోర్టుకి పోవాల్సి రావచ్చు. జారిపడేది సరుకు కొనకముందా కొన్నాకా అన్నదాని మీద విరిగిన ఎముక విలువ మారడం వింతే, కానీ ఉన్నదది.

ఇంకో సంగతి, ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నా. కౌంటర్లో ఇచ్చే ఆ నున్నటి బిల్లు మీది అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. ఇంటికి రాగానే జిరాక్స్ తీయించాలి.

సీసీ కెమెరా దృశ్యాల సంగతి అంతకంటే తొందరది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం జనం వందమంది, అంతకు మించి పోగయ్యే చోట కెమెరాలు పెట్టాలి, రికార్డు 30 రోజులు ఉంచాలి. ఆ తర్వాత పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. చెయ్యి విరిగిన మనిషి ఇంట్లోవాళ్లు మొదటి నెలంతా ఆపరేషన్, కుట్లు, ఇన్సూరెన్స్ కాగితాల్లో మునిగి ఉంటారు. వాళ్లకి తీరిక దొరికేసరికి దృశ్యాలుండవు. అందుకని నోటీసూ గీటీసూ తర్వాత, ముందు ఒక పేజీ ఉత్తరం: ఫలానా తేదీ, ఫలానా సమయం, ఫలానా కెమెరా రికార్డు చెరపకుండా ఉంచండి అని. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. మేం పంపాం. రికార్డు ఇవ్వలేదనుకోండి, ఎందుకివ్వలేదో కమిషన్ ముందు చెప్పుకోవాల్సింది ఇప్పుడు వాళ్లు.

"ఇదే ఇక్కడైతేనా..."

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్న మా బావ వీడియో కాల్లో ఈ మాట అనకుండా ఒక్కరోజూ ఉండడు. అమెరికాలో స్టోర్‌లో జారిపడితే లక్షాధికారులైపోతారని మనకో నమ్మకం. వాళ్ల టెక్సస్ సంగతే చూద్దాం.

టెక్సస్ సుప్రీంకోర్టు 1998లో ఒక వాల్‌మార్ట్ కేసు తేల్చింది. రియో గ్రాండే సిటీలోని దుకాణంలో ఒకావిడ నేల మీద పడి ఉన్న మాకరోనీ సలాడ్ తొక్కి జారిపడింది. కింది కోర్టులో జ్యూరీ లక్ష డాలర్లు ఇమ్మంది. సలాడ్ మురికి పట్టి ఉంది, దాని మీద ట్రాలీ చక్రాల గుర్తులున్నాయి, అంటే చాలాసేపటి నుంచి పడి ఉన్నట్టే కదా అని ఆవిడ వాదన. నాకైతే బలమైన వాదనగానే కనిపిస్తుంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మురికైనా చక్రాల గుర్తయినా ఒక్క నిమిషం ముందు కూడా పడి ఉండవచ్చు, ఎంతసేపటి నుంచి ఉందో ఆవిడ రుజువు చెయ్యలేకపోయింది అంది. ఒక్క పైసా రాలేదు. అక్కడ మన వాటా తప్పు సగానికి మించిందని తేలినా ఏమీ రాదు. రెండేళ్లు దాటితే కోర్టు తలుపు కూడా తీయదు. బావకి ఈ కేసు గురించి చెబితే, "అది వేరే" అన్నాడు.

వేరే అన్నదాంట్లో కొంత నిజముంది. అదే కోర్టు 1983లో సేఫ్‌వే కేసులో ద్రాక్షపళ్ల గురించి ఇంకోలా చెప్పింది. కొనేవాళ్లే చేత్తో తీసుకునేలా ద్రాక్షగుత్తులు పెడితే కొన్ని రాలి కింద పడతాయని దుకాణానికి తెలుసు. తెలిసీ అక్కడ చాప వెయ్యకపోతే అది దుకాణం పూచీ కావచ్చు. ఫలానా పండు ఎంతసేపు పడి ఉందో లెక్క తేలనక్కర్లేదు.

ఇంగ్లండులో 1970లలో వచ్చిన టెస్కో కేసు నాకు ఇంకా నచ్చింది. లివర్‌పూల్‌లో ఒకావిడ నేల మీద ఒలికిన పెరుగు మీద జారిపడింది (పెరుగుకీ నడుములకీ ఎక్కడైనా వైరమే ఉన్నట్టుంది). పెరుగు ఎంతసేపు ఉందో ఆవిడకీ తెలియదు. కానీ కొన్ని వారాల తర్వాత అదే దుకాణానికి వెళ్తే నేల మీద నారింజ రసం ఒలికి ఉంది. నిలబడి చూస్తే పావుగంట దాకా ఎవరూ తుడవలేదు. అది కోర్టులో చెప్పింది. అప్పీలు కోర్టులో ఎక్కువమంది జడ్జీలు ఏమన్నారంటే, మామూలుగా శుభ్రంగా ఉండే నేల మీద పెరుగుండి మనిషి పడ్డాక, మా ఏర్పాట్లు సరిగ్గానే ఉన్నాయని చూపించాల్సింది దుకాణమే అని. ఒక జడ్జి ఒప్పుకోలేదు. ఆయన భయం కూడా న్యాయమే, ఎంత తుడిచినా ఎవడో ఒకడు ఒలకబోసిన మరుక్షణంలో ఇంకొకరు తొక్కవచ్చు.

మన సుప్రీంకోర్టుకీ ఈ పద్ధతి కొత్త కాదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియారం స్తంభం కూలి జనం చచ్చిపోయిన కేసులో 1966లోనే చెప్పింది. కట్టడం మునిసిపాలిటీ చేతుల్లో ఉంది, ఆయుష్షు తీరిన కట్టడం, కూలింది. ఎందుకు కూలిందో జనం చెప్పనక్కర్లేదు, మా అశ్రద్ధ లేదని మునిసిపాలిటీయే చెప్పుకోవాలి. అంత పెద్ద స్తంభానికి వర్తించిన న్యాయం ఫ్రిజ్ కింది నీళ్లకి వర్తించదంటే నేనొప్పుకోను. ఫ్రిజ్ దుకాణానిది, నేల దుకాణానిది, తుడిచే మనిషికి జీతమిచ్చేదీ దుకాణమే.

రోడ్డు మీద పడి ఉంటే

ఇదే పెద్దమ్మని అదే సాయంత్రం దుకాణం బయట వాళ్ల డెలివరీ ఆటో గుద్దిందనుకోండి. అదే మణికట్టు, అదే విరగడం. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పెవరిదన్న చర్చే లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగొచ్చు. ఎముక విరిగితే అది తీవ్ర గాయమే. పోనీ ఆ నీళ్ల మీదే దుకాణంలో పనిచేసే అమ్మాయి జారిపడిందనుకోండి. ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా పథకం) ఉంటే వైద్యం, సెలవు రోజులకి డబ్బు. అక్కడా తప్పు ఆ అమ్మాయిదా కాదా అని మొదట అడగరు.

కొనడానికి వచ్చిన మనిషి ఒక్కదానికే రుజువుల భారమంతా. వాహనానికి బీమా తప్పనిసరి చేసినవాళ్లు దుకాణాలకి చెయ్యలేదు. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ఉంది కానీ అది ప్రమాదకర రసాయనాల జోలికి వెళ్లేవాళ్లకి. చాలా దుకాణాలు స్వచ్ఛందంగా తీసుకునే షాప్‌కీపర్స్ పాలసీలో బయటివాళ్ల గాయాలకి చెల్లించే భాగం ఒకటి ఉంటుంది. కాబట్టి క్లెయిమ్ వేస్తే పాపం దుకాణంవాళ్ల కడుపు కొట్టినట్టని బాధపడేవాళ్లు, ముందు ఆ పాలసీ ఉందో లేదో అడగమని నా మనవి.

ఇక పార్కింగ్ దగ్గరా గోడల మీదా కనబడే "యాజమాన్యం బాధ్యత వహించదు" బోర్డుకి మనవాళ్లు ఇచ్చే మర్యాద నాకు అర్థం కాదు. ఢిల్లీలో తాజ్ హోటల్‌కి అప్పగించిన కారు పోయిన కేసులో, స్లిప్పు మీద కారు యజమానిదే రిస్కు అని రాసుకున్నంత మాత్రాన సొంత అశ్రద్ధ నుంచి తప్పించుకోలేరని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కారుకే అలా ఉంటే మణికట్టుకి ఇంకా గట్టిగా ఉండాలి.

ఇంట్లో ఉండే మనిషికి నష్టమేమిటి

దుకాణంవాళ్ల ప్రాంతీయ మేనేజరు ఫోన్లో పెదనాన్నని ఈ ప్రశ్న అడిగాడు. మేడమ్ ఉద్యోగం చేయరు కదా సార్, ఆసుపత్రి ఖర్చు ఇన్సూరెన్స్ ఇచ్చింది కదా, ఇక నష్టమేముందని. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగా తెలియకే అడిగాడు.

కుడిచేతికి ప్లేటు వేశారు. కట్టు విప్పాక కూడా చపాతీ పిండి కలపలేదు, కుక్కర్ మూత తిప్పలేదు, జడ వేసుకోలేదు. వంటమనిషిని పెట్టారు. పని అమ్మాయికి జీతం పెంచారు. ఫిజియోథెరపీ బిల్లు ఇన్సూరెన్స్ ఇవ్వలేదు. అన్నిటికంటే ఆవిడని ఏడిపించింది బ్యాంకు. సంతకం వంకర్లు పోయి పాతదానితో కలవడం లేదని చెక్కు తిప్పి పంపారు. ముప్ఫయ్యేళ్లుగా ఉన్న ఖాతాలో నేనే నేనని చెప్పుకోవాల్సి వచ్చిందంది.

వీటికి లెక్క కట్టడం మన కోర్టులకి తెలుసు. జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో 2001లోనే సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువ నెలకి 3,000 రూపాయలని వేసింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో ఇంకాస్త ముందుకెళ్లి, గృహిణి పని పని కాదనుకోవడమే తప్పన్నారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఇస్తున్నారన్న 2019 సర్వే లెక్కని ఆ తీర్పులో ఉదహరించారు. రెండూ మరణాల కేసులే అయినా లెక్క కట్టే తర్కం అదే. మేం చేసిందల్లా వంటమనిషికి ఇచ్చిన డబ్బుకి నెలనెలా రసీదు రాయించుకోవడం. పెదనాన్నకి అది నామోషీ అనిపించింది. "వంటమనిషి దగ్గర సంతకం తీసుకుంటామా" అని.

ఆ కుర్రాడి సంగతి

ఇంతవరకూ గట్టిగానే రాసుకొచ్చాను కానీ ఒకచోట నాకు నిద్రపట్టదు. ఆ అంతస్తు తుడిచేది ఒకడే కుర్రాడు, ఏజెన్సీ మనిషి. పై అంతస్తూ వాడిదే. పెద్దమ్మ పడ్డప్పుడు వాడు పైన ఉన్నాడు. లీగల్ నోటీసు అందగానే దుకాణం చేసే మొదటి పని వాడిని మాన్పించడం. మేం వేసిన క్లెయిమ్ వల్ల ఫ్రిజ్ బాగుపడుతుందో లేదో కానీ వాడి ఉద్యోగం పోవడం మాత్రం ఖాయమని మా వదిన అంది. నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. నోటీసులో ఉద్యోగి తప్పని ఎక్కడా రాయలేదు. రెండు అంతస్తులకి ఒకే మనిషిని పెట్టడం, కారే ఫ్రిజ్‌ని మరమ్మతు చేయించకపోవడం యాజమాన్యం తప్పులని రాయించాం. నేల తడిగా ఉందని చెప్పే పసుపుపచ్చ బోర్డు ఒక్కటీ పెట్టలేదని కూడా. అంతకు మించి మన చేతిలో లేదు.

దొంగ క్లెయిములు పెరుగుతాయన్న భయం నాకంత లేదు. కావాలని పడేవాడిని కెమెరా పట్టిస్తుంది. గంటగంటకీ తుడిచి, తుడిచినట్టు గోడ మీది చార్టులో సంతకం పెట్టించే దుకాణానికి ఆ చార్టే రక్ష. ఆ చార్టుని చాలాచోట్ల మరుగుదొడ్డి తలుపు వెనకాలే చూస్తాం, సరుకుల మధ్య ఎక్కడా చూడం.

ఇదే మా పాత వీధి కిరాణా కొట్లో జరిగి ఉంటే కేసు వేసేవాళ్లమా అని ఒకరడిగారు. వేసేవాళ్లం కాదు. ఆ శెట్టిగారు షట్టర్ దించి తన స్కూటర్ మీద ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాడు, వారం రోజులు ఇంటికొచ్చి పలకరించేవాడు. పెద్ద దుకాణానికి ఆ బాధ్యత మనిషి మొహం చూసి రాదు, కాగితం చూస్తేనే వస్తుంది. కాబట్టి కాగితం పంపించాం.

గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అని కోర్టుల గురించి మనవాళ్లు ఊరికే అనలేదు. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉన్నా వాయిదాలు వాయిదాలే. కానీ వినియోగదారుల కమిషన్‌లో దిగడానికి గుమ్మం ఎత్తు తక్కువ. మనం కట్టిన బిల్లు మొత్తాన్ని బట్టే జిల్లా కమిషనా రాష్ట్ర కమిషనా అన్నది తేలుతుంది. అడిగే పరిహారం లక్షల్లో ఉన్నా, కొన్నది వందల్లోనే కనుక జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపు బిల్లుకి ఫీజు లేదు. మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, వినియోగదారుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి వెబ్‌సైట్లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. ఎదుటిపక్షం జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15, ఆపైన గడువు పెంచే అధికారం కమిషన్‌కి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. మనకున్న గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్లు.

మూడు పేజీల జవాబు పంపిన వకీలే మొన్న ఫోన్ చేసి, పదిహేను వేల రూపాయల గిఫ్ట్ వోచర్ ఇస్తారు, ఒక కాగితం మీద సంతకం పెడితే అయిపోతుందన్నాడు. వోచరు వాళ్ల దుకాణంలోనే చెల్లుతుంది. కాగితంలో, జరిగినదానికి యాజమాన్యం అశ్రద్ధ ఏమాత్రం కారణం కాదని ఒప్పుకుంటున్నాను అని ఉంది. పెదనాన్న తీసేసుకుందాం అంటున్నాడు. ఈ వయసులో వాయిదాలకి తిరిగే ఓపిక నాకు లేదురా అన్న మాటకి ఎదురు చెప్పలేను. పెద్దమ్మ మాత్రం మొదటిసారి గ్రహచారం అనకుండా, ఆ కాగితం మీద ఎడంచేత్తో కూడా సంతకం పెట్టను అంది. నిన్న వకీలుకి తిరిగి రాశాం: మొత్తం గురించి మాట్లాడుకుందాం, వోచరు కాకుండా డబ్బయితే తగ్గడానికి సిద్ధమే, కానీ ఆ వాక్యం తీసేయాలి, ఆ రోజు ఆ అంతస్తు ఎవరు ఎప్పుడు తుడిచారో ఉన్న రిజిస్టరు కాపీ ఇవ్వాలి. నెలాఖరు దాకా చూసి ఫిర్యాదు వేసేస్తాం. బఠానీల బిల్లు మొదటి అనుబంధంగా వెళ్తుంది.